అంకెను నమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి,

పాత కథల్లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో పైథాన్‌తో లెక్కతీస్తున్నానని రాశావు. చదివి ఎంత పొంగిపోయానో చెప్పలేను. మన భాషకు ఇలాంటి పని చేసేవాళ్లు ఇంకా చాలామంది కావాలి. ఫైండాల్‌తో దొరికినవన్నీ ఒక జాబితాలో వేసుకుని, లెన్‌తో దాని పొడవు చూస్తే సరిపోతుందా అని అడిగావు. ఆదేశం వరకు అదే సరైనది. దొరికినవి మరీ ఎక్కువైతే ఫైండిటర్ వాడి ఒక్కొక్కటే కూడుకుంటూ వెళ్లు, ఆ జాబితాతో మెమరీ నిండిపోదు. నా దిగులంతా ఆ తర్వాత తెర మీద కనబడే అంకె గురించి. ప్రోగ్రాం ఆగిపోతే తప్పు జరిగిందని మనకు తెలుస్తుంది. లెక్క తప్పితే మాత్రం ఏ హెచ్చరికా రాదు.

‘రామ’ అనే మాటను వెతికావనుకో. అది ‘రాముడు’లో దొరుకుతుంది, ‘విరామం’లో దొరుకుతుంది, ‘గ్రామం’లోనూ దొరుకుతుంది. మన కంటికి ‘గ్రా’ ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం గ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు వేర్వేరు సంకేతాలు. అందులో ర దగ్గర మొదలుపెట్టి చూస్తే దానికి ‘రామ’ కనిపిస్తుంది.

మాటకు రెండు వైపులా సరిహద్దును సూచించే బ్యాక్‌స్లాష్ బి పెడితే ఈ బెడద పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఇంగ్లిష్‌కు పోతుంది. తెలుగుకు పోదు, ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. పైథాన్‌తో పాటు వచ్చే రీ మాడ్యూల్ అచ్చులను, హల్లులను, అంకెలను మాటలో భాగమని ఒప్పుకుంటుంది కానీ గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను ఒప్పుకోదు. అందువల్ల ‘గ్రామం’లో పొల్లు దగ్గర ఒక మాట అయిపోయిందనీ, మ తర్వాతి సున్న దగ్గర ఇంకోటి అయిపోయిందనీ అనుకుంటుంది. బ్యాక్‌స్లాష్ బి పెట్టినా అందులో ‘రామ’ దొరుకుతూనే ఉంటుంది. మొత్తం మాటలు లెక్కపెడదామని, మాటలో భాగమైన అక్షరాల గుంపును పట్టే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ వాడావా, ‘తెలుగు’ అన్న ఒక్క మాటకు మూడు అని చెబుతుంది: త, ల, గ. మన మాటలను ఇలా ముక్కలు చేసి వచ్చిన అంకెలు ఎక్కడైనా అచ్చయితే నాకు బాధగా ఉంటుంది.

దీనికి మందు ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల వరుస ఒకటి ఉంది. మాట అంటే ఆ వరుసలోని సంకేతాల గుంపు అని నువ్వే నిర్వచించు. ఒక్క మాట కోసం వెతికేటప్పుడు దానికి ముందు గానీ వెనక గానీ ఆ వరుసలోది ఏదీ ఉండకూడదని లుక్‌బిహైండ్, లుక్‌అహెడ్‌లతో షరతు పెట్టు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఉంటుంది. దాన్ని కూడా గుంపులో చేర్చకపోతే ఆ మాట రెండుగా లెక్కలోకి వస్తుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు కాబట్టి పాఠాన్ని ముందే నార్మలైజ్ చెయ్యి. మాటను ఇలా నిర్వచించడం వద్దనుకుంటే విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే రెజెక్స్ అనే మాడ్యూల్ ఉంది. గుణింతపు గుర్తులను అది మాటలో భాగంగానే చూస్తుంది.

ఇంకొకటి. ‘గలగలగలగల’లో ‘గలగల’ ఎన్నిసార్లు ఉంది? ఫైండాల్ రెండు అంటుంది, ఎందుకంటే ఒకసారి వాడుకున్న అక్షరాల జోలికి అది మళ్లీ పోదు. ఒకదాని మీద ఒకటి పడేవాటిని కూడా కలుపుకుంటే మూడు. మూడు కావాలంటే ఆ మాటను లుక్‌అహెడ్‌లో పెట్టి వెతకాలి. రెండూ సరైన జవాబులే. ఏది కావాలో నీ పరిశోధనే తేల్చాలి.

మీ గైడు గారు పెర్ల్ వాడతారన్నావు కదా. అక్కడ ఫలితాన్ని నేరుగా ఒక చరరాశిలో వేసుకుంటే ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. ఎన్ని అన్నది కావాలంటే మధ్యలో ఖాళీ కుండలీకరణాల జత పెట్టాలి. ప్యాటర్న్‌లో పట్టుకునే గ్రూపులు రెండుంటే లెక్క రెట్టింపవుతుంది, ఆయన అంకెలు నీవాటితో కలవకపోతే ముందు అక్కడ చూడండి. గ్రెప్ అనే వెతికే ఆదేశం వాడినా జాగ్రత్త, దానికి సి అనే ఆప్షన్ ఇస్తే వచ్చేది పంక్తుల సంఖ్య. ఒకే పంక్తిలో ఆ మాట ఐదుసార్లున్నా అది ఒకటే అంటుంది.

‘రాముడికి’, ‘రాముడెక్కడ’ లాంటివి రాముడి ఖాతాలోకి వస్తాయా అన్నది ఏ మాడ్యూలూ చెప్పదు. సంధులు, విభక్తులు ఉన్న భాష మనది, ఆ నిర్ణయం నువ్వే తీసుకుని వ్యాసంలో స్పష్టంగా రాయాలి. ఈ వారం ఒక కథలోంచి ఒక్క పేజీ తీసి, పెన్సిల్ పట్టుకుని చేత్తో లెక్కపెట్టు. అదే పేజీ ప్రోగ్రాంకు ఇవ్వు. రెండు అంకెలూ కలిసేదాకా వ్యాసంలో ఒక్క పట్టిక కూడా వెయ్యకు తల్లీ. కలవని చోట్లు ఏవైనా ఉంటే నాకు రాయి, కలిసి చూద్దాం.

ఉంటాను,
నీ మావయ్య