బీట్ నేర్వడానికి లక్షల ఫీజు దేనికి?

పిల్లవాడు ఫోన్‌లో బీట్లు కడుతున్నాడని తెలియగానే కొందరు తల్లిదండ్రులు నగరంలో మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు కోసం అప్పు వెతుకుతారు. కొందరేమో ఆ డబడబలు కట్టిపెట్టి సీఎస్ఈ సీటు సంగతి చూసుకోమంటారు. తొండూరులోనైనా ప్రొద్దుటూరులోనైనా ఈ రెండూ తొందరపాటే.

ముందు ఇప్పటి పాటల్లో గుండెకు తగిలే ఆ లోతైన కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఎక్కడిదో చూడండి. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది, 1983లో ఆపేసింది. అమ్ముడైనవి సుమారు 12 వేలు. అందులో రికార్డు చేసిన డ్రమ్ము ఒక్కటి కూడా లేదు. కిక్ కావాలంటే ఒక ఫిల్టర్ సర్క్యూట్‌కు చిన్న కరెంటు పల్స్ తగులుతుంది. కొట్టిన గంటలా అది కాసేపు మోగి అణిగిపోతుంది. హై-హ్యాట్‌కు ఆరు స్క్వేర్ వేవ్ ఆసిలేటర్లు, చప్పట్లకు వైట్ నాయిస్. ముంబైలో చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఈ యంత్రం ఇచ్చే డిస్కో లయపై రాగాలను వాయించి రికార్డు తెచ్చారు. ఆ మెషీన్లు ఇప్పుడు అరుదు. అందుకే ఆ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లో, కొత్త సర్క్యూట్లలో తిరిగి పుట్టించేవాళ్లకు పని ఉంది.

ఆ శబ్దాల వెనుక ఉన్న డోలనాలు, అనునాదం ఇంటర్ ఫిజిక్సులోనే ఉన్నాయి. వాటిని సర్క్యూట్లలో నేర్పేది ఎలక్ట్రానిక్స్, కాబట్టి నా ఓటు ఈసీఈకే. పులివెందుల జేఎన్‌టీయూఏ కాలేజీలో ఆ బ్రాంచి ఉంది. ఇంటర్ ఎంపీసీతో ఈఏపీసెట్, పదో తరగతితో డిప్లొమాకు పాలిసెట్. సిగ్నల్ ప్రాసెసింగ్, దాంతోపాటు సీ++ గట్టిగా వస్తే ఆడియో ప్లగిన్లు రాయవచ్చు. ఆ ఉద్యోగాలు ఎక్కువ ఉండవు, కానీ చేతికొచ్చిన విద్య వేరే ఎలక్ట్రానిక్స్ కంపెనీలోనూ అన్నం పెడుతుంది. సినిమా సౌండే కావాలంటే డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐ ఉంది.

నా భయమంతా కోచింగుల గురించే. "కోర్సు కాగానే సినిమా ఛాన్స్" అన్నచోట ఒక్క రూపాయి కట్టకండి. ఛాన్సు ఇప్పించే సర్టిఫికెట్ ఏదీ లేదు. ఖరీదైన కీబోర్డు, స్పీకర్లు ముందే కొనిపించే చోటా జాగ్రత్త. మామూలు కంప్యూటర్ ఉంటే ఎల్ఎంఎంఎస్, వీసీవీ ర్యాక్, ఆడాసిటీ ఉచితంగా దొరుకుతాయి. దొంగ సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దు.

పిల్లల్ని వేధించకుండా ఒక వేసవి వదిలేయండి. రెడీమేడ్ శాంపిల్ ముట్టకుండా, 50 హెర్ట్జ్ దగ్గరి సైన్ వేవ్‌తో 808 కిక్ కట్టమనండి. మొదట్లో కొంచెం ఎక్కువ పిచ్, వెంటనే దిగాలి, తర్వాత నెమ్మదిగా అణగాలి. విసుగు లేకుండా మళ్లీ మళ్లీ సరిచేసుకునే పిల్లను సీఎస్ఈ కోసం ఏడిపించకండి. రెండు రోజులకే వదిలేస్తే మీరు కట్టబోయే ఫీజు మిగిలినట్టే.