యూరియా బస్తాకు రెండు ధరలేల?

వరి దుబ్బు చేయు దశలో యూరియా దొరకక, నిర్ణీత ధరకంటె ఎక్కువ చెల్లించి తెచ్చుకొనుట మీలో పలువురికి అనుభవమే. ఒకే సరకుకు రెండు ధరలు ఎట్లు ఏర్పడునో తెలిసికొనినచో, దానిని అరికట్టు మార్గము కూడ తెలియును.

2018లో బస్తా తూకము 50 కిలోల నుండి 45 కిలోలకు మార్చబడినది. వేపపూత ఖర్చు, పన్నులు కలిపి దాని ధర సుమారు 266 రూపాయల 50 పైసలుగా నిర్ణయింపబడినది. తయారీకి, దిగుమతికి అగు ఖర్చు ఇంతకు చాల రెట్లు. ఆ తేడాను ప్రభుత్వము సబ్సిడీగా భరించును. ప్లైవుడ్డు జిగురు వంటి పరిశ్రమలకు కూడ యూరియా కావలెను. వారికి ఈ సబ్సిడీ లేదు. కాబట్టి పొలమునకు చేరవలసిన బస్తాను అటు మళ్లించినవానికి సబ్సిడీ సొమ్మే లాభమగును. 2015లో యూరియాకంతటికిని వేపపూత తప్పనిసరి చేయుటకు ఇదియు ఒక కారణము.

రెండవది కొరత భయము. రేపు దొరకదేమోనని ఇద్దరు అవసరమునకు మించి నిలువ చేసినచో మూడవవానికి లేకుండ పోవును. అపుడు సరకు దాచిన వర్తకుడు చెప్పినదే ధర. యూరియాతోపాటు అక్కరలేని మందును అంటగట్టుట కూడ చాటుగా ధర పెంచుటయే.

ధర పెంచినచో నల్లబజారు పోవునని కొందరందురు. కొంత నిజమే. కాని ఆ భారము మొదట పడునది అప్పు తెచ్చి సాగుచేయు కౌలు రైతుపైననే.

ఇందు తప్పెవరిది? పైరు పసుపుబారుచున్నదని ఎక్కువ చెల్లించిన రైతును, సరకు దాచిన వర్తకుని ఒకే గాట కట్టరాదు. పొరుగువానికి ఒక బస్తా బదులిచ్చుట సాయమే. కాని కొంత సొమ్ము తీసుకొని, తాను కొనని బస్తాలకు యంత్రముపై వేలిముద్ర వేసినవాడు పొరుగు చేని ఎరువును అమ్మినవాడే యగును.

మీరు చేయవలసినవి:

1. బిల్లు అడిగి తీసికొనుడు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము బిల్లు ఇచ్చుట, ధరల, నిలువల పట్టిక కనబడునట్లు ఉంచుట డీలరు విధి.

2. వేలిముద్ర వేసిన పిమ్మట బిల్లులోని బస్తాల సంఖ్య సరిచూచుకొనుడు.

3. భూసార పరీక్షను బట్టి, దఫదఫాలుగా వేయుడు. నత్రజని మితిమీరినచో దోమపోటు, అగ్గితెగులు హెచ్చును, పైరు పడిపోవును.

4. గ్రామాధికారులు నాట్లకు ముందే గ్రామమునకు కావలసిన ఎరువును లెక్కకట్టి మండల వ్యవసాయాధికారికి తెలుపవలెను. అక్రమము కనబడినచో వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద దీనికి 7 సంవత్సరముల వరకు జైలు శిక్ష గలదు. బిల్లు చేతనున్నచో మీ ఫిర్యాదుకు బలము చేకూరును.