బస్తాల కాటా

మార్కాపురం

చిట్టితల్లీ,

నీకు మూడో నెలని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "దానికి ఇవన్నీ అవసరమా అక్కా" అంది. కోపం తెచ్చుకోకు. నా కడుపు పండినప్పుడు మీ అమ్మమ్మ కూడా అదే అంది.

అప్పట్లో ఆసుపత్రిలో డాక్టరమ్మ నావైపు చూడకుండా, నెల ఎప్పుడు తప్పిందని మా అమ్మనే అడిగింది. పోలియో వచ్చింది నా కాలికి, నోటికి కాదు. బల్ల ఎత్తుగా ఉందని ఇద్దరు ఆయాలు నన్ను బస్తాలా లేపి పడుకోబెట్టారు. ఆ సిగ్గుతో ఏడో నెల దాకా మళ్లీ గడప తొక్కలేదు. అది నా బుద్ధితక్కువ.

నువ్వు చక్రాల కుర్చీ మనిషివి, మిషను మీద నిలబడలేవని బరువు రాయకుండా వదిలేస్తారు. కందులు తూచే కాటా మీ గిద్దలూరులో దొరక్కపోదు. కుర్చీతో సహా ఎక్కు, తర్వాత ఖాళీ కుర్చీని తూచి తీసెయ్యి. ఆ అంకె ఏఎన్ఎం చేత నెలనెలా కార్డులో రాయించు. నవ్వేవాళ్లను నవ్వనీ.

ఇంకోటి. ఆసుపత్రి బాత్రూముకి మెట్లుంటాయని పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు తాగకుండా బయల్దేరతావు, నాకు తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు ఆ పని చేస్తే ఒంటేలు మంట, చలిజ్వరం, నెలలు నిండకుండానే నొప్పులు. బాత్రూము సంగతి ముందే ఆశా అమ్మాయిని అడిగి వెళ్లు, నీళ్లు మాత్రం మానకు.

"కాన్పుతోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షను ప్రకారం, నువ్వు తెలిసి ఒప్పుకోకుండా అది చెయ్యకూడదు. ఇరవై అయిదో సెక్షను నిన్ను ముందుగా చూడమంటుంది, కాబట్టి వరసలో ఎండకు కూర్చోకు, అడుగు. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు బుద్ధిమాంద్యం ఉన్న అమ్మాయి విషయంలోనే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టమంది. ఇక నీకెవరు చెప్పాలి?

కాన్పు ఎక్కడన్నది ఇప్పుడే తేల్చుకో. నడుముకు మత్తిచ్చే డాక్టరుకు నీ వెన్ను సంగతి ముందే తెలియాలి. నొప్పులొచ్చాక ఒంగోలు చాలా దూరం.

నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులను డబ్బు లేకుండా చూస్తారు. ఆ రోజు మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి నేనూ వస్తా. డాక్టరమ్మ గదిలోకి మాత్రం రాను. లోపల నువ్వే మాట్లాడాలి.

మీ పెద్దమ్మ