పైవారి యాజ్ఞయు క్రిందివారి పలుకును: విమానముల మరమ్మతుశాల నేర్పు పాఠము

వానకాలమున భద్రాచలము చెంత గోదావరి పొంగినప్పుడు మన మన్యపు సరిహద్దు గ్రామములలో నెల్లవారును అడుగు ప్రశ్న యొక్కటియే: “నీరెన్ని యడుగులున్నది?” నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింపబడును. 1986వ సంవత్సరము ఆగస్టులో నీరు 75.6 అడుగులకును, 2022వ సంవత్సరము జూలైలో 71.3 అడుగులకును ఎక్కెను. ఊళ్లు ఖాళీ చేయుడను ఆజ్ఞ పై కచేరీల నుండి దిగివచ్చును. కాని యా యాజ్ఞకు మూలమైన సంఖ్య రేవునందలి కొలబద్దను కనిపెట్టుకొని యుండువారి కంట పుట్టి పైకి పోవలెను. వార్త పైకెక్కకున్న ఆజ్ఞ గ్రుడ్డిదగును. ఆజ్ఞ దిగిరాకున్న వార్త నిష్ఫలమగును.

పలువురు కలసి చేయు ప్రతి పనికిని ఈ రెండు త్రోవలును ఉండును. పైనుండి క్రిందికి దిగుదానిని అవరోహణ క్రమమనియు, క్రిందినుండి పైకి పోవుదానిని ఆరోహణ క్రమమనియు, సంగీత విద్యార్థు లెఱిగిన మాటలతోనే మేమిచ్చట పిలుతుము. వీనిలో నేది మేలు? ఈ ప్రశ్నను విమానముల మరమ్మతుశాలలో నిలిపి పరీక్షింపదలచితిమి. ఏలయనగా, అచ్చట చేసిన పొరపాటు వెంటనే కనబడదు. విమాన మాకసమున కెగిరిన పిమ్మట కనబడును. అప్పుడు దానిని దిద్దుకొను నవకాశము మిక్కిలి స్వల్పము.

మరమ్మతుశాలలో పని నడచు తీరు

విమానయానము మనకు బొత్తిగా దూరపు సంగతి కాదు. 1945లో ఏర్పడి హైదరాబాదు కేంద్రముగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అను జాతీయ సంస్థలో కలిసెను. పెక్కేండ్లు బేగంపేట నుండి నడచిన ప్రయాణికుల విమానములు 2008 మార్చి నుండి శంషాబాదునకు మాఱెను. అచ్చట పెద్ద విమానములను విప్పి, పరీక్షించి, మరల కూర్చు శాలలు గలవు. మన ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములలో యంత్రవిద్యపై మనసుగల బాలబాలికలు రేపు అట్టి శాలలలో పనివారు కావచ్చును.

విమానమును నిర్మించిన సంస్థ దానితో కూడ పెద్ద పెద్ద గ్రంథముల నిచ్చును. ఏ భాగమును ఎన్ని గంటలు ఎగిరిన పిమ్మట పరీక్షింపవలెనో, ఏ బోల్టు ఎచ్చట వాడవలెనో, దానిని ఎంత బలముతో బిగింపవలెనో అందు వ్రాసియుండును. దానినిబట్టి పనిచీట్లు సిద్ధమగును. మెకానిక్కు చీటిలోని పనిని చేసి సంతకము పెట్టును. లైసెన్సు గల ఇంజనీరు ఆ పనిని చూచి, విమానము ఎగురుటకు తగియున్నదని ధ్రువపత్రముపై సంతకము చేయును. మన దేశమున ఈ లైసెన్సు నిచ్చునది పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్. మిక్కిలి ముఖ్యమైన కొన్ని పనులను, చేసినవాడు గాక వేఱొకడు మరల పరీక్షింపవలెనను నియమము కూడ కలదు.

ఇంతవఱకు చూచిన, ఇది యంతయు అవరోహణ క్రమమే. అట్లుండుటయు న్యాయమే. ‘అందఱును పల్లకి యెక్కిన మోయువారెవరు?’ అను సామెత యున్నది గదా. ఒక్కొక్క పనివాడును తనకు తోచిన బోల్టును తనకు తోచినట్లు బిగించినచో ఆ విమానములో నెవ్వరెక్కగలరు? అయినను ఆజ్ఞ యొక్కటియే చాలునా యను ప్రశ్న మిగిలియే యున్నది. దానికి సమాధానముగా మూడు నిజవృత్తాంతములను మనవి చేయుదుము.

సామానుగదిలోని మాట

1990వ సంవత్సరము జూన్ 10వ తేదీన బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి విమాన మొకటి 81 మంది ప్రయాణికులతోను, ఆర్గురు సిబ్బందితోను ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నుండి స్పెయిను దేశపు మాలగా నగరమునకు బయలుదేఱెను. 17,300 అడుగుల యెత్తున నుండగా కెప్టెన్ ముందరి అద్దము ఊడి ఎగిరిపోయెను. లోపలి గాలి వడిగా వెలుపలికి పోవుటచే కెప్టెన్ టిమ్ లాంకాస్టరు దేహము నడుము వఱకు ఆ కంతగుండ బయటికి లాగబడెను. సిబ్బంది యాతని కాళ్లు పట్టుకొని వ్రేలాడిరి. సహచాలకుడు అలస్టేర్ ఆచిసన్ విమానమును సౌతాంప్టనులో సురక్షితముగా దింపెను. దైవకృపచే ఒక్కరును మరణింపలేదు. కెప్టెన్ కూడ బ్రతికెను.

ఆ అద్దమును ప్రయాణమునకు 27 గంటల ముందు క్రొత్తగా అమర్చిరి. దానిని పట్టియుంచు బోల్టులు 90. వానిలో 84 ఉండవలసిన దానికన్న అంగుళములో వేయింట 26 వంతులు సన్ననివి. తక్కిన ఆరును లావు సరిపోయినను పొడవు చాలనివి. ఇంత చిన్న తేడా ఎట్లు వచ్చెను?

రాత్రి షిఫ్టులో మనుష్యులు చాలకుండుటచే షిఫ్టు మేనేజరే స్వయముగా ఆ పనికి పూనుకొనెను. పాత బోల్టులు పాడైనందున క్రొత్తవానికై సామానుగదికి పోయెను. గ్రంథము చూచి సంఖ్య తెలిసికొనక, పాత బోల్టును చేతబట్టుకొని దానివంటివి వెదకెను. ఆ యద్దమునకు ‘8డి’ రకము బోల్టులు వాడుదురని సామానుగది పర్యవేక్షకుడు చెప్పెను. ఆ మాట నిజము. కాని మేనేజరు పాతదానికి సరిపోలునదే చాలునని తలచి, కావలివారు లేని వేఱొక బోల్టుల అఱల కడకు పోయి, చాలని వెలుతురులో కంటితో పోల్చి, ‘8సి’ రకము వానిని తెచ్చుకొనెను. అవి సన్ననివి. పని చేసినవాడును తానే, దానిని సరియని సంతకము పెట్టినవాడును తానే. ఆ పనికి రెండవవారి పరీక్ష విధింపబడి యుండలేదు.

విద్యార్థులారా, ఈ సంగతిని శ్రద్ధతో గమనింపుడు. ఆ మేనేజరు సోమరి కాడు; పని యాలస్యము కారాదని తానే పనిముట్లు పట్టినవాడు. ఆతని వద్ద అధికారముండెను, అనుభవముండెను. సరియైన జ్ఞానము మాత్ర మా రాత్రి ఆతనికన్న తక్కువ స్థానములో నున్న సామానుగది మనిషి నోట నుండెను. ఆ జ్ఞానము ఒక్క మాటగా పలుకబడి, అచ్చటనే పడిపోయెను. ‘అయ్యా, ఒక్కమాఱు పుస్తకము తెఱచి చూతము’ అని మరల ననుట ఆ శాలలో వాడుకయై యుండిన, పుస్తకమును తెఱచి చూచుటకు కొన్ని నిమిషములు చాలియుండెడివి.

వ్రాయని సహాయము

ఇంతమాత్రమున క్రిందివారి మంచితన మొక్కటియే చాలునని తలపరాదు. 1991వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఈగిల్ లేక్ అను ఊరి చెంత కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానము కూలి, అందున్న 14 మందియు మరణించిరి. తోక రెక్కకు ఎడమ ప్రక్క ముందంచున పైభాగమునందు 47 స్క్రూలు లేవని విచారణలో తేలినది.

ముందు రాత్రి హ్యూస్టనులో పని జరుగుచుండగా, ఒక షిఫ్టులోని తనిఖీదారుడు తోడివారికి సాయపడగోరి ఆ ఎడమ ప్రక్క స్క్రూలను తీసెను. అది సద్బుద్ధితో చేసిన పనియే. కాని, తీసినట్లు పనిచీటిలో సరిగా వ్రాయబడలేదు. తరువాతి షిఫ్టువారికి ఆ సంగతి చేరలేదు. వారు కుడి ప్రక్క పనిని ముగించి విమానమును పంపివేసిరి. క్రింది నుండి చూచిన పైభాగము కానరాదు.

ఇచ్చట లోపించినది ఆరోహణ క్రమము కాదు, అవరోహణ క్రమమే. ప్రతి పనియు వ్రాయవలెను, వ్రాయనిది చేయనిదిగా నెంచవలెను అను ఆజ్ఞ కాగితముపై నుండినను ఆ శాలలో దానికి ప్రాణము లేకపోయెను. విచారణ సంఘ సభ్యులలో నొకరగు జాన్ లాబర్, యాజమాన్యము నియమపాలనకు తగిన వాతావరణమును కల్పింపకపోవుటను గూడ ప్రమాద కారణముగా పేర్కొనవలెనని వేఱుగా తన యభిప్రాయమును వ్రాసెను. తప్పు పనివానిది యని ముగించుట సులభము. ఆ పనివాడు నిలిచియున్న యిల్లు ఎట్టిదని విచారించుట కష్టము, అవశ్యకము కూడ.

మూడవ వృత్తాంతము సంగ్రహముగా చెప్పుదుము. 1979 మే 25న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానము లేచుచుండగా ఎడమ ఇంజను ఊడిపోయెను. విమానములోని 271 మందియు, నేలమీది ఇద్దఱును మరణించిరి. ఇంజనును, దానిని మోయు కాడిని వేర్వేరుగా దింపవలెనని నిర్మాతలు చెప్పియుండగా, ఇంచుమించు 200 పనిగంటలు కలసివచ్చునని రెంటిని ఒక్కటిగా ఫోర్కులిఫ్టు యంత్రముతో దింపు పద్ధతిని ఆ సంస్థ యవలంబించెను. ఆ పనిలో కాడికి దెబ్బతగిలి పగులు పుట్టెను. పైవారు మిగిల్చిన గంటల వెల నెవరు చెల్లించిరో చూడుడు. ఆజ్ఞ యిచ్చువారును గ్రంథమునకు లోబడియే యుండవలెను గాని దానికి పైన నుండరాదు.

రెండు త్రోవలును తెఱచియుండుట

ఇట్టి ప్రమాదముల వలన లోకము కొంత నేర్చుకొనినది. 1993లో కెనడా దేశపు రవాణాశాఖలో నుండిన గార్డన్ డుపాంట్, మరమ్మతు పనివారిని తప్పులోనికి నెట్టు పండ్రెండు కారణములను జాబితాగా కూర్చెను. అందు అలసట, తొందర, మనసు చెదరుట, మాట ఒకరినుండి మఱియొకరికి చేరకపోవుట మున్నగువానితో పాటు, చెప్పవలసినదానిని గట్టిగా చెప్పలేకపోవుట యనునది కూడ నొకటి. నోరు విప్పకుండుట వినయమని మనము తలతుము. ఆ జాబితా దానిని అపాయమని లెక్కించినది.

నేటి మంచి శాలలలో మూడు ఏర్పాటులను పాటింతురు. షిఫ్టు మాఱునప్పుడు సగములో నున్న పనిని నోటితో చెప్పుటయే గాక వ్రాసి యప్పగింతురు. ఎంత చిన్న పనివాడైనను సందేహము కలిగినచో పని నాపుమని చెప్పవచ్చును; అనుమానము తీఱక ఇంజనీరు సంతకము చేయరాదు. తన పొరపాటును తానే వచ్చి చెప్పినవానిని దండింపక, తెలిసియు నియమమును ధిక్కరించినవానిని మాత్రమే దండింతురు. ఈ మూడవది అన్నిటికన్న కష్టము. చెప్పినవానికి శిక్షయు, దాచినవానికి క్షేమమును కలుగుచోట వార్త పైకెక్కదు.

ఈ నీతికి మన ముంగిటనే సాక్ష్యమున్నది. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. అచ్చటి సింగరేణి గ్రామము పేరనే నేటి సింగరేణి సంస్థ, కొత్తగూడెము కేంద్రముగా, వ్యవహరింపబడుచున్నది. భూగర్భ గనిలో పైకప్పు కదలు చప్పుడును మొదట వినునది కచేరీలోని మేనేజరు కాదు. దాని క్రింద నిలిచి పని చేయు కార్మికుడు. అందుచేతనే గనుల నియమములలో, మేనేజరు తనిఖీతో పాటు, కార్మిక సంఘములను సంప్రదించి కార్మిక తనిఖీదారులను నియమించు ఏర్పాటును చేర్చిరి. బొగ్గుగనికిని విమానశాలకును సామాన్య మేమనగా, రెంటను అపాయము మొదట క్రిందివాని కంటికో చెవికో తెలియును.

ఇండ్లలోను, పాఠశాలలోను

ఇక తల్లిదండ్రులకును ఉపాధ్యాయ సోదరులకును మేము మనవి చేయునది కొంచెము కలదు. పెద్దలమాట వినుట మన పిల్లలకు మనము నేర్పెడి మంచి గుణము; దానిని వదలుమని మేము చెప్పుట లేదు. కాని ‘చెప్పెడివానికి వినెడివాడు లోకువ’ యను సామెతను మన మే యింట నిజము చేయుచున్నామో విచారించుకొనవలెను. నల్లబల్లపై ఉపాధ్యాయుడు లెక్కలో నొక యంకెను తప్పుగా వ్రాసినపుడు, వెనుక బల్లమీది కోయబాలుడు దానిని గుర్తించియు, అందఱును నవ్వుదురని మౌనముగా నుండునేని, ఆ నాటి నష్టము లెక్క యొక్కటియే కాదు. ఆ బాలుడు పెద్దవాడై యొక విమానము రెక్క క్రింద నిలిచి, తప్పును చూచి, మరల మౌనముగా నుండుట నేర్చుకొనుచున్నాడు. వానిచేత చెప్పించి, ‘బాగుగా చూచితివి నాయనా’ యని బల్లపై అంకె దిద్దిన ఉపాధ్యాయుని గౌరవము తగ్గదు.

విద్యార్థులారా, మీకును మూడు మాటలు. మొదటిది, గ్రంథమున వ్రాసిన నియమమును మీకన్న పెద్దవాడు దాటినను మీరు దాటకుడు. రెండవది, చేసిన పనిని చేసినట్లు, చేయనిదానిని చేయనట్లు వ్రాయుడు. మీ సంతకము మీ మాటకన్న దూరము పోవును. మూడవది, తప్పు కనబడినప్పుడు ‘అయ్యా’ యని వినయముతో మొదలిడి, మీ మాట వినబడు వఱకు చెప్పుడు. ఎదిరించుట వేఱు, హెచ్చరించుట వేఱు. ఎదిరించువాడు తన గెలుపు కోరును. హెచ్చరించువాడు విమానములో కూర్చున్న ముక్కు మొగమెఱుగని ప్రయాణికుని క్షేమమును కోరును.