వీధి జాలీలో పడే నీళ్లు: న్యూజెర్సీ తెలుగిళ్ల సందేహాలు

మా వీధి చివర జాలీలో పడ్డ నీళ్లు శుద్ధి అయ్యాకే నదికి పోతాయి కదా?

చాలా ఊళ్లలో కాదు. సింకులో పోసినవి శుద్ధి కేంద్రానికి పోతాయి. వీధి జాలీలో పడినవి తిన్నగా దగ్గర్లోని వాగులోకి, అక్కణ్ణుంచి రారిటన్ లాంటి నదిలోకి చేరతాయి. జెర్సీ సిటీ, న్యూఅర్క్ సహా 21 పట్టణాల్లో చాలాచోట్ల మురుగూ వాననీరూ ఒకే పైపులో శుద్ధి కేంద్రానికి నడుస్తాయి. గట్టి వాన పడితే అక్కడ రెండూ కలిసి నదిలోకి పొంగుతాయి. కాబట్టి ఆ పట్టణాల వాళ్లూ సంబరపడేదేమీ లేదు.

గ్యారేజీలో గారెలు వేశాం. మూకుడు డ్రైవ్‌వే మీద కడగొచ్చా?

కూడదు. నూనె, సబ్బునురుగు జాలీలోకి పోతే అది అక్రమ విసర్జన. ఊరి నియమాల కింద జరిమానా పడొచ్చు. పండగ మర్నాడు బిర్యానీ డేగిశాలు హోస్ పెట్టి కడుగుతుంటే, పసుప్పచ్చటి జిడ్డు నీళ్లు రోడ్డంచున పారుతున్నా చూసీ చూడనట్టు ఊరుకునే ఇళ్లు మనలో లేకపోలేదు. చల్లారిన నూనెను డబ్బాలో పోసి మూతపెట్టి చెత్తలో వేయండి. మూకుడును కాగితంతో తుడిచాకే సింకులో పెట్టండి.

మరి కారో?

ఇంటిముందు సొంత కారు కడుక్కోవడానికి మామూలుగా మినహాయింపు ఉంది. గడ్డి మీద నిలిపి కడిగితే ఇంకా మంచిది.

వాటర్‌షెడ్ సంఘం వాళ్లు వాగు దగ్గర సీసాల్లో నీళ్లు పడుతున్నారు. వాళ్లకేం అధికారం?

జరిమానా వేసే అధికారం లేదు. మీరు ఒప్పుకోనిదే మీ పెరట్లో అడుగుపెట్టే హక్కూ లేదు. ఇవి లాభాపేక్ష లేని సంఘాలు. పెన్నింగ్టన్‌లోని వాటర్‌షెడ్ ఇన్‌స్టిట్యూట్ 1949 నాటిది. వాలంటీర్లతో వాగునీరు పరీక్షిస్తారు, పిల్లలకు పాఠాలు చెబుతారు, టౌన్‌షిప్‌లకు సాయపడతారు. తప్పు కనబడితే టౌన్‌షిప్‌కు చెబుతారు. ఆ పని మీరూ చేయొచ్చు.

టౌన్‌షిప్ తన వాననీటి పని సంఘానికి అప్పజెప్పింది. జరక్కపోతే ఎవర్ని అడగాలి?

టౌన్‌షిప్‌నే. తికమకంతా ఇక్కడే. వాననీటి కాలుష్యాన్ని పర్మిట్ల కిందికి తెచ్చింది 1987లో క్లీన్ వాటర్ చట్టానికి జరిగిన సవరణ. 1999 నియమాలు చిన్న ఊళ్లనూ అందులోకి లాగాయి. జనానికి తెలియజెప్పడం, అక్రమ విసర్జనలు పట్టుకోవడం లాంటి ఆరు పనులు ఊరు చేసి తీరాలి. వాటిలో కొన్నిటిని వేరే సంస్థ ఒప్పుకుంటే దానిచేత చేయించుకోవచ్చు. ఆ సంస్థ చేతులెత్తేస్తే మాత్రం పర్మిట్ తీసుకున్న ఊరే జవాబు చెప్పాలి. ‘అది సంఘం చూసుకుంటోంది’ అని గుమాస్తా అంటే ఆ మాట అక్కడితో ఆగదు.

2023 నుంచి న్యూజెర్సీలో ప్రతి మునిసిపాలిటీ ఒకే తరగతి పర్మిట్ కిందికి వచ్చింది. ఏ వాగు ఎంత చెడింది, ఎలా బాగుచేయాలి అనే ప్రణాళిక ప్రతి ఊరూ రాయాలి. సంఘాల అసలు ఉపయోగం ఇక్కడ. ఏళ్లతరబడి నీళ్లు పట్టి చూసిన లెక్కలు వాళ్ల దగ్గరుంటాయి. వాటిని పక్కనబెట్టి సంఘంచేత కరపత్రాలు మాత్రం పంచించే ఒప్పందం వల్ల వాగుకు ఒరిగేది తక్కువ.

మేం హెచ్1బీ మీద ఉన్నాం. అడగొచ్చా?

నిరభ్యంతరంగా. ఊరి వాననీటి ప్రణాళిక వెబ్‌సైట్‌లో ఉండాలి. మిగతా కాగితాలకు రాష్ట్ర పబ్లిక్ రికార్డుల చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి. క్లీన్ వాటర్ చట్టం కింద కోర్టుకు వెళ్లడానికీ పౌరసత్వం అడ్డు కాదు, కాలుష్యంతో నష్టపోయేవారైతే చాలు. దావాకు 60 రోజుల ముందు నోటీసివ్వాలి. అంతదాకా పోకుండా సంఘంతో కలిసి కౌన్సిల్ మీటింగులో అడిగితే తేలేవే ఎక్కువ.

లాన్‌కు ఎరువు ఎప్పుడు వేయకూడదు?

నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా, గట్టి వాన వచ్చేముందూ. భాస్వరం ఉన్న ఎరువైతే ముందు మట్టి పరీక్ష చేయించాలి.

‘వాన పన్ను’ కట్టాలా?

2019 చట్టం ఊళ్లకు వాననీటి నిర్వహణ కోసం ఆ రుసుము పెట్టుకునే వీలిచ్చిందంతే, పెట్టి తీరాలనలేదు. పెట్టిన చోట వాననీటిని తన స్థలంలోనే ఇంకించేవారికి తగ్గింపు ఇవ్వాలి.