పిల్ల కటిల్‌ఫిష్‌లు మేత ముట్టకపోతే

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలో మరుగుజ్జు కటిల్‌ఫిష్ గుడ్ల నుంచి పిల్లలొచ్చాయి. ఫ్రోజెన్ రొయ్యలు వేస్తే ముట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఈ వయసులో వాటికి కదిలేదే మేత. బతికున్న మైసిడ్ రొయ్యలు వెంటనే సంపాదించి, రోజుకు రెండు మూడుసార్లు వేయండి. అప్పుడే పుట్టిన ఆర్టీమియాతో సరిపెట్టకండి, అందులో పోషణ చాలదు. ఆకలిగా ఉన్న పిల్ల రొయ్యకేసి తిరిగి, చేతులు ముందుకు చాచి, పొడవాటి టెంటకిల్స్ రెండింటినీ రెప్పపాటులో విసురుతుంది. ఆ వేట కళ్లారా చూడాల్సిందే! పెద్ద ట్యాంకులో మేత చెదిరిపోతుంది కాబట్టి పిల్లల్ని అందులోనే చిన్న వలపెట్టెలో ఉంచండి. అమ్మోనియా సున్నా ఉండాలి. రాగి కలిసిన చేపల మందులు మాత్రం పొరపాటున కూడా వాడకండి, ప్రాణాలు పోతాయి. కాస్త ఎదిగాక ఫ్రోజెన్ రొయ్యను పుల్లకు గుచ్చి ఎదురుగా కదిలించండి, మెల్లగా అలవాటవుతాయి. వీటి ఆయుష్షే సుమారు ఏడాది, అందుకే తొలి వారాల మేత విషయంలో ఇంత పట్టుబడుతున్నాను.