మంచాన పడ్డవారి ఇంటికి ఊరి ఆసరా

ప్రశ్న: నయం కాని జబ్బు మనిషిని ఆసుపత్రి ఇంటికి పంపేశాక, ఆ కుటుంబానికి ఊరివాళ్లు ఏం చేయగలరు?

జవాబు: దీనికి భారతదేశంలో గట్టిగా నిలిచిన నమూనా కేరళది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) సొసైటీని మొదలుపెట్టారు. క్లినిక్ దాకా రాలేనివారు ఎందరో ఉండటంతో పని ఇళ్లవైపు మళ్లింది. మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగువారే శిక్షణ తీసుకుని, వారానికి ఒకటి రెండు గంటలు కేటాయించే బృందాలయ్యారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మోతాదు, పుండ్లకు కట్లు డాక్టరు, నర్సుల బాధ్యత. వలంటీరు చూసేవి వేరు: ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడి మానేశారా, పింఛను దరఖాస్తు ఎక్కడ ఆగింది, రాత్రంతా మేలుకునే భార్యకు కాసేపైనా కునుకు దొరుకుతోందా. చాలా ఇళ్లను జబ్బుకన్నా ముందు ఇవే కుంగదీస్తాయి. ఖర్చులో పెద్ద భాగం స్థానికుల చిన్న చందాలదే. 2008లో రాష్ట్రం పాలియేటివ్ విధానం ప్రకటించాక పంచాయతీలూ ఇంటింటి సేవలో దిగాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి భవనం అక్కర్లేదు. వీధిలో మంచాన ఉన్నవారి జాబితా, వారంవారం వచ్చే నర్సు ముందు కావాలి. నర్సు లేకుండా వలంటీర్లనే పంపితే, నొప్పితో విలవిల్లాడే రోగి దగ్గర వాళ్లు చేయగలిగింది తక్కువ.